వంటవాడే చంపాడు

మొన్న ఆదివారం వీధిలో చేపల కేక వినబడితే గిన్నె పట్టుకుని బయటికొచ్చాను. ఈమధ్య మా వీధికి చేపలు మోపెడ్ మీద వస్తున్నాయి, ఐసు కింద పడుకుని. ఈసారి నెత్తి మీద గంపతో ఒకామె నడిచి వస్తోంది. ముప్పై, ముప్పై ఐదు ఉంటాయేమో. గంప చూసి ఎన్నేళ్ళయిందో. నోరు ఊరుకోక, "నెత్తళ్ళున్నాయా అమ్మా?" అన్నాను.

ఆమె గంప దించకుండానే నన్నూ, మా గుమ్మాన్నీ, గుమ్మం పక్కనున్న నూతి చప్టానీ చూసింది. "అందరూ సందువాలడుగుతారు గానీ, నెత్తళ్ళడిగే ఇల్లొకటుందని మా అత్త సెప్పీది. ఇదేనేటి?" అంది.

"మీ అత్తెవరమ్మా?"

"సినిమాల మనిసమ్మా. పోయింది. మూడు నెల్లయిపోనాది."

గిన్నె పక్కన పెట్టి మెట్టు మీద కూర్చున్నాను. ఆ సినిమాల మనిషి పేరు నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. మా వీధిలో అందరం చేపలావిడ అనే అనేవాళ్ళం. ఈ కోడల్ని అడగొచ్చు. కానీ అన్నేళ్ళు ఆ చేతి చేపలు తిని, మనిషి పోయాక పేరు అడగడానికి మొహం చెల్లలేదు.

నేను నర్సీపట్నం కోడలిగా వచ్చింది తొంభైల మొదట్లో. మా పుట్టిల్లు పాయకరావుపేట. పాయకరావుపేట అంటే వంతెన దాటితే తుని, తునిలో సినిమా హాళ్ళు. బొమ్మ పడిన మొదటి రోజు మొదటి ఆట చూడకపోతే నాకు అన్నం సయించేది కాదు. అలాంటిదాన్ని వచ్చి ఇక్కడ పడ్డాను. ఇక్కడికి కొత్త బొమ్మ రావడానికి మూడు వారాలు పట్టేది. వచ్చాక మా ఇంట్లో అనుమతి దొరకడానికి ఇంకో వారం. అనుమతి ఇచ్చేది మా అత్తగారు. ఒకప్పుడు ఆవిడా సినిమా పిచ్చి మనిషేనట. నా పెళ్ళికి ముందే తుంటి ఎముక విరిగి, కర్ర పట్టుకుని వీధి అరుగు దాకా రావడం, అక్కడ కుర్చీలో కూర్చుని రోడ్డు చూడటం, అంతవరకే మిగిలింది. తాను చూడలేని సినిమా కోడలు చూడకూడదనే రకం కాదు. చెత్త సినిమాకి కోడలు పోతే ఇంటి పరువు పోతుందనే రకం. ఏది చెత్తో, ఏది కాదో తేల్చేది మాత్రం చేపలావిడ.

నా కడుపుమంట చూడండి. తునిలో అన్ని హాళ్ళ అన్ని తరగతుల్లోనూ కూర్చుని వచ్చిన నా మాట చెల్లదు. గంప నెత్తిన పెట్టుకుని నక్కపల్లి అవతల నుంచి బస్సులో వచ్చే మనిషి మాట వేదవాక్కు.

సముద్రపు ఒడ్డు పల్లె ఆవిడది. వారానికి నాలుగు రోజులు మొదటి బస్సుకి గంపతో దిగేది, మధ్యాహ్నానికి అమ్ముకునేది. శుక్రవారం మాత్రం ఖాళీ గంపని హాలు సైకిల్ స్టాండులో బోర్లించి, కొళాయి దగ్గర కాళ్ళూ చేతులూ రుద్ది రుద్ది కడుక్కుని, మ్యాట్నీకి బెంచీ టిక్కెట్టు తీసుకునేది. ఆ హాలుకి వచ్చిన ఏ బొమ్మనీ వదిలేది కాదు. ఆదివారం పొద్దున్న మా నూతి చప్టా మీద దానికి పంచనామా జరిగేది.

పంచనామా అని ఊరికే అనలేదు. కత్తిపీట వేసుకుని చేప చేతిలోకి తీసుకుంటేనే ఆవిడకి కథ మొదలయ్యేది. చేపలు అయిపోతే కథా అయిపోయేది. సరిగ్గా మలుపు దగ్గరకి వచ్చేసరికి చేతులు ఆపి, మోచేత్తో జుట్టు వెనక్కి తోసుకుని, "మరేటయిందనుకున్నారు?" అనేది. మా అత్తగారు కర్ర నేలకి ఆనించి ముందుకు వంగేవారు. పక్కింటి టీచరుగారు, ఎదురింటావిడ గిన్నెలు పట్టుకుని వచ్చి నిలబడేవారు. నేను గడప లోపలే నిలబడి, వినడం లేదన్నట్టు బియ్యం ఏరుకునేదాన్ని.

ఇందులో కిటుకు ముందుగా కనిపెట్టింది మా అత్తగారే. కోనాంలాంటి పెద్ద చేప కొంటే నాలుగు వేట్లలో పనయిపోతుంది, కథ ఇంటర్వెల్ దగ్గరే ఆగిపోతుంది. అదే వేలెడంత నెత్తళ్ళయితే ఒక్కొక్కదాని తలా తోకా తుంపి, పొట్ట గిల్లి, మూడు నీళ్ళు కడగాలి. గంట పని, పూర్తి సినిమా. అందుకని మా ఇంట్లో ఏళ్ళ తరబడి నెత్తళ్ళే. మా ఆయన కంచం ముందు కూర్చుని, "ఈ ఊళ్ళో పెద్ద చేప దొరకదా?" అని అడిగేవారు. "పెద్దవాటికి ముళ్ళురా, గుచ్చుకుంటాయి" అనేవారు తల్లి. ఆయనకి పాపం సినిమా సంగతి తెలియదు.

ఆవిడ చెప్పిన కొన్ని సినిమాలే మర్చిపోయాను గానీ, వాటి మీద ఆవిడ చెప్పిన మాట మర్చిపోలేదు. కాలేజీ ప్రేమ సినిమా ఒకటి వచ్చింది. ఊళ్ళో కుర్రకారంతా నాలుగేసి సార్లు చూశారు. ఎలా ఉందే అని అత్తగారు అడిగితే, "ఏటుంది పెద్దమ్మగారూ, ఆ గుంటడు పొద్దస్తమానం ఆ పిల్ల ఎనకాల తిరగడమే. మద్దినేల తిన్నాడో లేదో ఒక్కపాలి కూడా సూపించలేదు. కాళీ కడుపుతోటి అన్ని కొండలెలాగ గెంతాడో మరి" అంది. దాంతో ఆ కుర్రవాడి ప్రేమ మీద మా వీధికి నమ్మకం పోయింది.

పగ సినిమాలంటే ఆవిడకి ఇంకో బెంగ. "ఒక్కడే యాబైమందిని నరికీసేడమ్మా. సరే, ఈడికి పగ. ఆ యాబైమందికీ ఇళ్ళకాడ అన్నం ఒండుకుని ఎదురుసూసేవోలుండరేటి? ఆలకి కబురెవులు సెప్తారు?" ఆ నరికిన హీరో అంటే నాకు ప్రాణం. తునిలో ఉండగా అతని సినిమా ఒక్కటీ వదల్లేదు. ఈ ఒక్క మాటతో అత్తగారు ఆ సినిమా వద్దన్నారు. వారం రోజులు మొహం ముడుచుకుని తిరిగాను. దెయ్యం సినిమాకైతే అంత విచారణ కూడా లేదు. "అద్దె కొంపలో దెయ్యముంటే కాళీ సేసి పోవాలి గానీ దీపం అట్టుకుని మేడెక్కుతారేటమ్మా? బుద్ది లేనోలు" అని కొట్టిపారేసింది.

అమ్మవారి సినిమా వచ్చినప్పుడు ఊరు ఊరంతా చెప్పులు హాలు బయట విడిచి లోపలికి వెళ్ళింది. ఆవిడ ఆ రోజు గంపని సైకిల్ స్టాండులో కూడా పెట్టలేదు. నీచు వాసన అమ్మోరికి తగులుతుందని రోడ్డవతల పెట్టింది. బెంచీ మానేసి నేల టిక్కెట్టు తీసుకుంది. అంత భక్తిగా చూసి వచ్చిన మనిషి ఆదివారం ఏమన్నదంటే, "ఆ అమ్మోరేదో బేగి రావొచ్చు కదండీ. ఆ పిల్లని అన్ని బాదలు పెట్టించీసి ఆకర్న రావడమేటి? మా ఊరమ్మోరు కేకేస్తే వచ్చీద్ది."

"ఆఖర్న వచ్చి ఏం చేసింది?" అన్నారు టీచరుగారు.

"రాకేటి సేస్తాది, వచ్చే ఉంటాది" అని నెత్తళ్ళు కడగడంలో పడిపోయింది. ఆ మాట దగ్గరే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

ఎందుకంటే అసలు సినిమాకంటే ఆవిడ చెప్పే ముగింపు బాగుండేది, విన్నాక ఇంకేం అడగబుద్ధి కాదు. సినిమా ఏదయినా సరే, చివర్లో ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి తిండి పెట్టేవారు. కామెడీ సినిమాలో పారిపోయిన పెళ్ళికొడుకు ఆకలేసి తిరిగొచ్చేవాడు. పగ పట్టిన అన్నదమ్ములు ఒకే కంచంలో చెయ్యి పెట్టేవారు. విలన్‌ని చంపక తప్పనప్పుడు నాలుగు ముద్దలు తిననిచ్చి మరీ చంపేది. ఆ దెయ్యం కూడా చద్దన్నం తినే వెళ్ళిపోయింది. "తిన్నావా?" అన్న మాట లేకుండా ఆవిడ కథ ముగిసేది కాదు. నేను చూసిన ఒకటి రెండు సినిమాల్లో అలాంటి ముక్కే కనబడకపోతే, మన హాలువాళ్ళు రీలు కోసేశారనుకున్నాను. అప్పట్లో రీళ్ళు తెగడమూ మామూలే, ఆట తొందరగా ముగించడానికి కోసేయడమూ మామూలే.

ఇలా ఉండగా హత్య సినిమా ఒకటి వచ్చింది. పెద్ద బంగళా, ముసలి జమీందారు చచ్చి పడుంటాడు, ఇంట్లో ఏడుగురు. ఎవరు చంపారో చివరిదాకా తెలియదని పోస్టరు మీదే వేశారు. ఆదివారం ఆవిడ కత్తిపీట మీద చెయ్యి ఆపి, "వంటోడే" అంది.

"వంటవాడా?" అన్నారు అత్తగారు.

"మరి. ఇంట్లో అందరూ ఆడి సేతి కూడు తిన్నోలే. సినిమా మొత్తమ్మీద ఒక్కలు, ఒక్కలంటే ఒక్కలు, ఒరే నువ్వు తిన్నావా అని ఆడిని అడగనేదు. నానయితే మొదటి రీల్లోనే సంపీసుందును."

అత్తగారికి ఈ తర్కం బాగా నచ్చింది. సినిమాకి అనుమతి వచ్చింది. టీచరుగారూ, ఎదురింటావిడా, నేనూ కలిసి వెళ్ళాం. ఎవరు చంపారో ముందే తెలుసు కాబట్టి ముగ్గురం వంటవాడి మీంచి కళ్ళు తీయలేదు. వాడు కాఫీ తెస్తే ఊపిరి బిగబట్టాం. వాడు ఉల్లిపాయలు తరుగుతుంటే టీచరుగారు నా చెయ్యి గిల్లేశారు. హాల్లో జనమంతా గళ్ళ కోటు మేనల్లుణ్ణి అనుమానిస్తుంటే, మేం ముగ్గురం ఒక్క వంటవాణ్ణి చూసి వణికిపోయాం. తీరా చూస్తే చంపింది డాక్టరు. వంటవాడు ఆఖరి సీనులో కూడా పోలీసులకి కాఫీలిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

నవ్వుకుని ఊరుకోవలసిన విషయం. నేను ఊరుకోలేదు. ఇన్నాళ్ళకి దొరికింది అనుకున్నాను. నా నోటి దురద నాకు తెలుసు, అయినా ఆదివారం దాకా దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి దాచినట్టు దాచుకున్నాను. అందరూ చేరాక, ఆవిడ మొదటి నెత్తలి తల తుంపగానే, "చంపింది వంటవాడు కాదు, డాక్టరు. మీరసలు సినిమా చివరిదాకా చూశారా?" అన్నాను.

ఆవిడ తలెత్తలేదు. "లేదమ్మా" అంది. "ఐదింటికి మా బస్సు. దాని తరవాత మరి లేదు. నాలుగూ ముప్పావుకి లేచీకపోతే అందదు."

"ఈ ఒక్క సినిమాకేనా?" అన్నారు టీచరుగారు.

"ఏ సినిమాకైనా అంతేనండి."

అంటే ఇన్నేళ్ళలో ఒక్క సినిమా ముగింపు కూడా ఆవిడ చూడలేదు. అన్నదమ్ములు ఒకే కంచంలో తినడం, దెయ్యం చద్దన్నం, అన్నీ ఆవిడ బస్సులో నిలబడి అల్లినవే. గెలిచాననుకుని చుట్టూ చూశాను. ఎవరూ నవ్వడం లేదు. ఆవిడ మిగిలిన నెత్తళ్ళు గబగబా బాగుచేసి, గిన్నె గడప దగ్గర పెట్టి, గంప మీద తడిగుడ్డ కప్పుకుని వెళ్ళిపోయింది. అత్తగారు నావైపు చూడకుండా కర్ర తీసుకుని లోపలికి నడిచారు.

అంతటితో పోయినా బాగుండేది. ఎదురింటావిడ గేటు వేసుకుంటూ, "సినిమాకే అన్ని అబద్ధాలు ఆడిందంటే, చేపలకి ఆడదా?" అంది. ఆ మాట వీధి చివరకి చేరడానికి ఒక పూట పట్టింది. మంగళవారం ఆవిడ వస్తే, ఎన్నడూ గంపలో చెయ్యి పెట్టి ఎరగని ఆడవాళ్ళు మొప్పలెత్తి ఎరుపు చూశారు. వేలితో నొక్కి చూశారు. ఒకావిడ ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించి, తిరిగి గంపలో పడేసింది. పొద్దున్న వలలోంచి తీసిన చేపని నిన్నటిదని అనడం కంటే చేపలమ్ముకునే మనిషికి పెద్ద తిట్టు లేదు. ఆవిడ ఎవరితోనూ తగువు పడలేదు. మా గుమ్మం ముందు ఆగనూ లేదు. ఆ తరవాత మా వీధికే రావడం మానేసింది.

మూడు ఆదివారాలు గడిచాయి. నేను మార్కెట్టుకి వెళ్ళి మంచి కోనాం తెచ్చి వండాను. అత్తగారు ముక్కని కంచం అంచుకి నెట్టేసి, "ముళ్ళు" అన్నారు. కోనాంలో నడిమి ముల్లు తప్ప ముళ్ళెక్కడివి. మా ఆయన మాత్రం సంతోషంగా రెండు ముక్కలు ఎక్కువ తిన్నారు. పోనీ సినిమా నేనే చెబుదామని అత్తగారి పక్కన కూర్చుని, చూసిన సినిమా చూసినట్టు, మొదటి నుంచీ చివరిదాకా ఒక్క ముక్క కల్పించకుండా చెప్పాను. ఇంటర్వెల్ కూడా రాకముందే గురక వినబడింది. తుని హాళ్ళలో నేను సంపాదించిన జ్ఞానానికి అంతకంటే అవమానం జరగలేదు. అది పోనివ్వండి. అత్తగారి తిండి సగానికి పడిపోయింది. పొద్దున్న లేచింది మొదలు చప్టా వైపు చూడకుండా కుర్చీ అటు తిప్పించుకునేవారు. ఆ కుర్చీ తిప్పినప్పుడల్లా నాకు చెంపదెబ్బ తిన్నట్టుండేది.

నాలుగో శుక్రవారం టైలరు దగ్గరికి వెళ్ళొస్తానని చెప్పి మ్యాట్నీకి వెళ్ళాను. ఆడవాళ్ళ బెంచీల్లో ఆఖరి వరసలో, తలుపు పక్కన ఉంది ఆవిడ. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఏటి కోడలమ్మా, ఇటొచ్చేవు?" అంది తెర మీంచి చూపు తిప్పకుండా.

"మీరు రావడం లేదు కదా."

"నోరు అబద్దమైతే సేప నిన్నటిదైపోద్దమ్మా. అవతలి ఈదుల్లో అమ్ముకుంటన్నాను. అక్కడ సినిమాలు సెప్పను."

"తప్పు నాదే. అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది. అత్తగారు అన్నం సరిగ్గా తినడం లేదు."

అప్పుడు తిరిగి నా మొహంలోకి చూసింది. "తినడం లేదేటి?" అంది. మళ్ళీ తెర వైపు తిరిగింది.

సినిమా అమ్మ సెంటిమెంటు. చిన్నప్పుడు తీర్థంలో తప్పిపోయిన కొడుకు లారీ డ్రైవరయ్యాడు. తల్లి రోడ్డు పక్కన పాకలో భోజనం హోటలు నడుపుతుంది. వాడు రోజూ అక్కడే తింటాడు, ఇద్దరికీ ఒకరినొకరు తెలియదు. ఈ ఒక్క ముక్కనీ రెండున్నర గంటలు లాగారు. నేను ఆవులిస్తున్నాను. పక్కన ఆవిడ పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి, ఆదివారం కోసం ఒక్కో మాటా మూట కట్టుకుంటున్నట్టు. ఇంతలో తల్లి జ్వరంతో పొయ్యి దగ్గర పడిపోయింది. లారీ వచ్చి ఆగింది. నా పక్కన ఆవిడ లేచి నిలబడింది.

మనమందరం తెరకి వీపు పెట్టి బయటికి నడుస్తాం. ఆవిడ అలా కాదు. తెరనే చూస్తూ, ఒక చేత్తో గోడ తడుముకుంటూ, వెనక్కి వెనక్కి నడిచింది. తలుపు దగ్గర గేటుమనిషికి ఇది అలవాటే కాబోలు, కర్టెన్ జానెడు పక్కకి జరిపి పట్టుకున్నాడు. ఆ జానెడు సందులో నిలబడి ఆఖరిసారి చూసింది. కొడుకు తల వంచి పాకలోకి అడుగు పెడుతున్నాడు. కర్టెన్ పడింది.

నేను కూర్చుని మిగతాది చూడొచ్చు. నాకు ఏ బస్సూ లేదు, మా ఇల్లు హాలుకీ బస్సు కాంప్లెక్సుకీ మధ్యలోనే. అయినా లేచి ఆవిడ వెనక పరిగెత్తాను. ఒక మనిషి అన్నేళ్ళుగా ఒంటరిగా అలా వెళ్ళిపోతోందని తెలిశాక సీట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు.

ఖాళీ గంప చంకన పెట్టుకుని ముందు ఆవిడ, కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని వెనక నేను. "ఇప్పుడేమవుతుంది?" అన్నాను రొప్పుతూ.

"ఉండమ్మా, ఆలోసించనీ" అంది. మెయిన్ రోడ్డు మీద చెరకు బళ్ళు తప్పించుకుంటూ, ఆలోచన పరుగు మీదే చేసింది. "తల్లి పడిపోనాది కదా, ఆవేళ హోటల్లో ఒంట లేదు. ఆడే పొయ్యి ముట్టిస్తాడు. లారీవోడు, ఏటొస్తాది ఆడికి ఒండడం. ఉప్పెక్కువేసీస్తాడు. తల్లిని లేవదీసి ఒక ముద్ద నోట్లో పెడతాడు. ఆవిడ తినీసి, ‘మా గుంటడికీ సిన్నప్పుడు ఉప్పెక్కువే ఉండాల బాబూ’ అంటాది. ఆడి సెయ్యి అక్కడే ఆగిపోద్ది."

కాంప్లెక్సులోకి వచ్చాం. బస్సు స్టార్టయి ఉంది. గంప మెట్టు మీద పెట్టి ఊపిరి తీసుకుంది. "ఇద్దరూ ఏటీ మాటాడుకోరు. కొంతసేపయ్యాక ఆవిడ అడుగుద్ది, ‘నువ్వు తిన్నావా నాయనా’ అని. అయిపోనాది."

ఆవిడ ఎక్కగానే బస్సులో జనం అటూ ఇటూ జరిగారు, ఒకరిద్దరు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఖాళీ సీటున్నా ఆవిడ కూర్చోలేదు. వెనక తలుపు దగ్గర గంప కాళ్ళ మధ్య పెట్టుకుని నిలబడింది, రోజూ అలాగే వెళ్తుందట. బస్సు కదులుతుంటే తల బయట పెట్టి, "పెద్దమ్మగారికి నువ్వే సెప్పీ" అంది. నేను ఆ పొగలో నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. రెండున్నర గంటలు ఆవులింతలు తెప్పించిన సినిమా నన్ను కాంప్లెక్సులో ఏడిపించింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు అరుగు మీదే ఉన్నారు. "టైలరు కాంప్లెక్సులో కొట్టు పెట్టేడేటి?" అన్నారు. మా ఇంటి ముందు నుంచే పరిగెత్తామన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. దాచేదేముందని కింద కూర్చుని సినిమా చెప్పాను. ఉప్పు దగ్గరికొచ్చేసరికి ఆవిడ కర్ర మీద గడ్డం ఆనించారు. ఆఖరి మాటకి కొంగుతో కళ్ళొత్తుకున్నారు. తరవాత, "ఇది హాల్లో ముగింపు కాదు" అన్నారు.

"మీకెలా తెలుసు?"

"ప్రతీ సుక్కురారం ఇక్కడే కూకుంటాను కదే. ముందు గంప అట్టుకుని అది పరిగెడతాది. దాని తరవాత ఇరవై నిమిసాలకి గానీ హాలు ఒదలదు. నాకు తుంటి ఇరిగింది గానీ బుర్ర ఇరగలేదు."

"ఇన్నాళ్ళూ తెలిసే ఊరుకున్నారా?"

"సినిమావోళ్ళ ముగింపే కావాలంటే నిన్ను అంపితే సరిపోద్ది. ఇన్ని నెత్తళ్ళెందుకు తింటాను?" అన్నారు. ఆ రాత్రి అన్నం మారు వడ్డించుకున్నారు.

ఆదివారం ఆవిడ వచ్చింది. వీధి మలుపులో గంప కనబడగానే అత్తగారు అరుగు మీంచి, వీధంతా వినబడేలా, "మొప్పలు సూడక్కర్లేదే, ఉన్న నెత్తళ్ళన్నీ ఇటు పోసీ" అన్నారు. ఆ గొంతుకి ఎదురింటి గేటు తెరుచుకుంది. టీచరుగారూ వచ్చారు. ఆవిడ కత్తిపీట వేసుకుని లారీ సినిమా మొదలుపెట్టింది. మునుపటి హుషారు లేదు. ఉప్పు కథ అయ్యాక ఎదురింటావిడ మెల్లిగా, "ఇది చివరిదాకా చూసిందేనా?" అంది.

ఆవిడ నోరు తెరిచేలోపు, "నేను చూశాను. పక్కనే కూర్చుని చూశాను. ముమ్మూర్తులా అలాగే ఉంది" అన్నాను. టైలరు సంగతి వదిలేస్తే, ఈ ఊరి కోడలినయ్యాక బుద్ధిపూర్వకంగా నేనాడిన మొదటి అబద్ధం అది. ఆవిడ కత్తిపీట మీంచి నన్ను చూసి, మళ్ళీ తల దించుకుని నెత్తలి తోక తుంపింది. అత్తగారు గట్టిగా దగ్గారు.

ఎదురింటావిడ ఊరుకునే రకమా. టీచరుగారిని వెంటబెట్టుకుని మర్నాడే సినిమాకి పోయింది. సాయంత్రం ఇద్దరూ వచ్చి మా గుమ్మంలో నిలబడ్డారు. నేను దెబ్బలాటకి సిద్ధమై బయటికొచ్చాను. "హాల్లో తల్లి చచ్చిపోయింది" అంది ఎదురింటావిడ. "భుజం మీద మచ్చ చూసి గుర్తుపట్టి, వెంటనే చచ్చిపోయింది." కాసేపు చెప్పు కాలితో నేల గీసింది. "ఉప్పే బాగుంది" అంది చివరికి.

"అసలు ఆ బంగళాలో కూడా వంటవాడే చంపి ఉండాల్సింది" అన్నారు టీచరుగారు. ఆ తరవాత మా వీధిలో ఎవరూ మొప్పలెత్తి చూడలేదు.

ఒకే ఒక్కసారి ఆవిడ సినిమా పూర్తిగా చూసింది. బస్సు దారిలో చెడిపోయి, ఆరు దాటితే గానీ రాదని తెలిసిన రోజు. ఆదివారం మేం నలుగురం ఎంత ఆత్రంగా కూర్చున్నామో. ఎలా ఉంది ముగింపు అంటే పెదవి విరిచింది. "ఇంతేనేటి? ఏటో సాగదీసేరమ్మా. ఆలకి బస్సు లేదు కదా, ముగించడం తెల్దు" అంది.

అత్తగారు పోయి పదకొండో రోజు దాటాక, మొదటి ఆదివారం కూడా ఆవిడ వచ్చింది. ఆ రోజు సినిమా లేదు. నేను అడక్కుండానే నెత్తళ్ళు పోసి, గంటసేపు ఒక్కొక్కటే బాగుచేసి, గిన్నె నా చేతికిస్తూ, "తిన్నావా కోడలమ్మా?" అని అడిగింది. ఆ పదకొండు రోజుల్లో నన్నెవరూ ఆ మాట అడగలేదు. తరవాత ఆవిడకి మోకాళ్ళు పట్టేశాయని విన్నాను. హాలు కల్యాణమండపమైంది. చేపలు మోపెడ్ ఎక్కాయి.

చేపలావిడ కోడలు చప్టా మీద కూర్చుని నెత్తళ్ళు బాగుచేస్తూ ఇవన్నీ నా నోట వింది. అత్త ఎక్కడ కూర్చునేదో అడిగి అక్కడే కూర్చుంది. చివరి రోజుల్లో సినిమాలు చూసేదా అని అడిగాను.

"టీవీ కొన్నాం కదమ్మా, రోజూ సూసీది. ఇంట్లోనే ఉండేది, ఏ బస్సూ లేదు. అయినా ఆకరికొచ్చేసరికి లేచిపోయేది. ఎనక్కి ఎనక్కి నడుసుకుంటూ గుమ్మం దాటీది. బయట అరుగు మీద కూకుని మిగతాది తను సెప్పీది. లోన టీవీ ఒకటి సెప్తుంటే బయట మా అత్త ఇంకోటి. జనం మా అత్తకాడే కూకునేవోరు." చేతులు ఆపి, మోచేత్తో జుట్టు వెనక్కి తోసుకుంది, అచ్చం అలాగే. "ఎలాగ పోయిందో సెప్తానుండమ్మా. ఆ రోజు పొద్దున్నే..."

"వద్దమ్మా" అన్నాను.

ఆమె నావైపు వింతగా చూసి, మళ్ళీ పనిలో పడింది. ఆ ఆఖరి ముక్క నాకు అక్కర్లేదు. నేనల్లుకున్నది నా దగ్గరుంది. ఐదు గంటల బస్సు. ఆవిడ ఈసారి వెనక తలుపు దగ్గర లేదు, కిటికీ పక్కన సీట్లో కూర్చుంది. ఖాళీ గంప కాళ్ళ దగ్గరుంది. పక్క మనిషి జరగలేదు, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోలేదు. దారిలో కోటవురట్ల దాటాక ఆవిడ వైపు తిరిగి, "తిన్నావా?" అని అడిగింది.